సర్రే పేరు నిలిపిన ఆడపిల్లలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంగ్లండులో 2025లో కొత్తగా మొదలైన కౌంటీ (అక్కడి జిల్లా వంటిది) మహిళల టీ20 బ్లాస్ట్ పోటీని సర్రే జట్టు గెలుచుకున్న సంగతిని గత సంచికలో చిన్న వార్తగా ఇచ్చాం. జులై 27న లండన్‌లోని ఓవల్ మైదానంలో జరిగిన ఫైనల్లో సర్రే వార్విక్‌షైర్‌ను ఓడించింది. ఆ వార్త చివర "సర్రే మహిళల క్రికెట్ చరిత్ర రెండు శతాబ్దాలకు పైబడినది" అని రాసిన ఒక్క వాక్యం చాలామందిని ఆలోచింపజేసింది. వచ్చిన ప్రశ్నల్లో ఒకే తీరువి కలిపి, వీలైనంత వివరంగా ఇక్కడ జవాబు చెబుతున్నాం.

ప్రశ్న: మహిళల క్రికెట్ అంటే మాకు తెలిసినంతలో మొన్నమొన్నటి ఆట. రెండు వందల ఏళ్ల క్రితం ఆడవాళ్లు ఒక కౌంటీ తరఫున క్రికెట్ ఆడారంటే నమ్మశక్యంగా లేదు. దానికి ఆధారం ఏమిటి?

జవాబు: ఆధారం ఆనాటి పత్రికలే. రెండు వందల ఏళ్లు కాదు, అసలు కథ ఇంకా వెనక నుంచే మొదలవుతుంది. 1745 జులై 26న సర్రేలోని గిల్డ్‌ఫర్డ్ పట్టణానికి దగ్గరలో ఉన్న గోస్డెన్ కామన్ అనే ఊరుమ్మడి మైదానంలో బ్రామ్లీ గ్రామపు అమ్మాయిలు పదకొండు మందికీ, హాంబుల్డన్ గ్రామపు అమ్మాయిలు పదకొండు మందికీ మధ్య పోటీ జరిగిందని రెడింగ్ మెర్క్యురీ పత్రిక ప్రచురించింది. మహిళల క్రికెట్‌కు సంబంధించి ఇప్పటివరకు దొరికిన వార్తల్లో ఇదే మొట్టమొదటిది. అందరూ తెల్లని దుస్తులే వేసుకున్నారు. ఎవరు ఏ ఊరివారో తెలియడానికి బ్రామ్లీవారు తలలకు నీలి రిబ్బన్లు, హాంబుల్డన్‌వారు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్నారు. హాంబుల్డన్‌కు 127 పరుగులు, బ్రామ్లీకి 119 పరుగులు వచ్చాయి. ఆ కాలంలో ఒక్కో పరుగుకు కర్ర మీద ఒక్కో గాటు పెట్టి లెక్కించేవారు కాబట్టి వార్తలో వాటిని గాట్లు అనే రాశారు. చూడటానికి వచ్చిన జనం అటువంటి సందర్భాల్లో ఎన్నడూ చూడనంత మంది అనీ, ఆ అమ్మాయిలు బంతి వేయడంలో, కొట్టడంలో, పరుగెత్తడంలో, క్యాచ్ పట్టడంలో చాలామంది మగవాళ్లకు తీసిపోలేదనీ ఆ విలేకరి రాశాడు. క్రికెట్ చరిత్రలో తరచుగా వినిపించే హాంబుల్డన్ క్లబ్బు హాంప్‌షైర్ కౌంటీలోని మరో ఊరిది. రెండింటినీ ఒకటిగా పొరబడే ప్రమాదం ఉంది కనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

అయితే అది రెండు ఊళ్ల మధ్య ఆట. కౌంటీ పేరుతో ఆడవాళ్లు ఆడిన ఆట 1811 అక్టోబరులో జరిగింది. ఇద్దరు ప్రభువులు ఒక్కొక్కరు 500 గినీల చొప్పున పందెం కాసి, లండన్ పొలిమేరలో బాల్స్ పాండ్ అనే చోట సర్రే మహిళలకూ, హాంప్‌షైర్ మహిళలకూ పోటీ పెట్టారు. గినీ అంటే ఒక పౌండు మీద ఒక షిల్లింగు. ఆ రోజుల్లో 500 గినీలంటే పెద్ద ఆస్తి కిందే లెక్క. ఆడినవారి వయసు పద్నాలుగు నుంచి అరవై దాకా ఉంది. ఆ అరవై ఏళ్ల మనిషి సర్రే జట్టులోని ఆన్ బేకర్. పరుగెత్తడంలోనూ, బంతి వేయడంలోనూ తన జట్టు మొత్తం మీద ఆమే మేటి అని ఆనాటి కథనం చెబుతోంది. పోటీలో గెలుపు మాత్రం హాంప్‌షైర్‌కు దక్కింది. ఆ ఆటను థామస్ రోలండ్‌సన్ గీసిన చిత్రం నేటికీ ఉంది, కాని అందులో ఆడవాళ్లను నవ్వులపాలు చేసే ధోరణే ఎక్కువగా కనిపిస్తుంది. ఆన్ బేకర్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యానికి మేము ఆ చిత్రం కంటే ఎక్కువ విలువ ఇస్తాం.

ఇక్కడ మరో సంగతి గమనించండి. ఇప్పుడు ఓవల్‌ను నిర్వహిస్తున్న సర్రే కౌంటీ క్రికెట్ క్లబ్బు 1845లో ఏర్పడింది. సర్రే పేరుతో మగవాళ్ల జట్లు అంతకు ముందు కూడా ఆడాయన్నది నిజమే. కాని ఆ క్లబ్బు పుట్టడానికి 34 ఏళ్ల ముందే సర్రే పేరుతో మహిళల జట్టు ఒకటి మైదానంలోకి దిగింది.

ప్రశ్న: 1811 నాటి జట్టే కొనసాగి ఇప్పటి జట్టు అయిందా? అలా అయితే మధ్యలో వందేళ్ల పాటు ఎవరితో ఆడారు?

జవాబు: మీ సందేహం న్యాయమైనది, మా వాక్యం అటువంటి అభిప్రాయానికి తావిచ్చింది కూడా. ఆ జట్టు కొనసాగలేదు. 1811 నాటిది పందెం కోసం కూర్చిన జట్టు. పందెం తీరగానే విడిపోయింది. రెండు శతాబ్దాలుగా నిలిచింది సర్రే మహిళలు అనే పేరు మాత్రమే. ఆ పేరు కింద ఒక సంస్థ ఏర్పడటానికి మరో నూట ఇరవై ఏళ్లు పట్టింది. ఆ సంస్థకు సొంత ఇల్లు అనదగిన మైదానం, జీతం, సిబ్బంది సమకూరింది మన కళ్ల ముందే. పేరు, సంస్థ, ఇల్లు అనే ఈ మూడింటినీ విడివిడిగా చూస్తేనే ఈ చరిత్ర బోధపడుతుందని మా నమ్మకం.

మధ్యకాలంలో ఆడవాళ్లు ఆట మానలేదు. 1887లో యార్క్‌షైర్‌లో వైట్ హెదర్ క్లబ్ అనే తొలి మహిళా క్రికెట్ క్లబ్బు ఏర్పడింది, కాని అది సంపన్న కుటుంబాల వారిది. 1890లో ఒరిజినల్ ఇంగ్లిష్ లేడీ క్రికెటర్స్ అనే పేరుతో కొందరు యువతులు రెండు జట్లుగా ఊరూరా ప్రదర్శన పోటీలు ఆడారు. వాటిలో దేనికీ కౌంటీతో సంబంధం లేదు. మలుపు 1926లో వచ్చింది. హెరెఫర్డ్‌షైర్‌లోని కాల్వాల్‌లో సెలవు రోజుల్లో కలిసి క్రికెట్ ఆడుకున్న కొందరు మహిళలు, ఇది ఏటేటా సాగాలంటే ఒక సంఘం ఉండాలని తలచి, ఆ ఏడాదే విమెన్స్ క్రికెట్ అసోసియేషన్‌ను స్థాపించారు. దాని నీడలో 1930లలో కౌంటీ సంఘాలు ఒక్కొక్కటిగా ఏర్పడ్డాయి. సర్రే అందులో ముందు వరుసలో నిలిచింది.

ఆ కౌంటీ సంఘాలకు మగవాళ్ల కౌంటీ క్లబ్బులతో సంబంధం లేదు. పేరు ఒకటే అయినా పెత్తనం, ఖాతా, మైదానం అన్నీ వేరు. సర్రే మహిళలు స్కూలు మైదానాల్లోనూ, స్థానిక క్లబ్బుల మైదానాల్లోనూ, దొరికిన రోజున, తమ ఖర్చుతో ఆడుకునేవారు. ఈ సంగతి తెలియకపోతే తర్వాతి అరవై ఏళ్ల కథ అర్థం కాదు.

ప్రశ్న: ఆ రోజుల్లో ఆడవాళ్లు లంగాలతోనే క్రికెట్ ఆడేవారా?

జవాబు: అవును. అసోసియేషన్ నియమాలు దుస్తుల విషయంలో చాలా కఠినంగా ఉండేవి. తెలుపు లేదా మీగడ రంగు దుస్తులే వేసుకోవాలి, కాళ్లకు మేజోళ్లు తప్పనిసరి, చేతుల్లేని గౌన్లు నిషిద్ధం. మహిళలు ఆడటమే తప్పన్నట్టు చూసే లోకానికి వేలెత్తి చూపే అవకాశం ఇవ్వకూడదన్న జాగ్రత్త ఆ నియమాల వెనక ఉంది. నేటి కంటికి అవి చాదస్తంగా తోచవచ్చు. మైదానం అద్దెకు ఇచ్చేవారి మనసు గెలవవలసిన రోజుల్లో అది అవసరమైన జాగ్రత్తేనని మాకు అనిపిస్తుంది.

ప్రశ్న: మహిళల టెస్టుల్లో తొలి సెంచరీ చేసిన మర్టిల్ మాక్లగన్ మన దేశంలో పుట్టారని చదివాను. ఆమెకూ సర్రేకూ ఉన్న సంబంధం ఏమిటి?

జవాబు: మీరు చదివింది నిజం. ఆమె 1911లో అంబాలాలో పుట్టారు. ఇంగ్లండులో సర్రే తరఫున ఆడారు. 1934 డిసెంబరు 28న బ్రిస్బేన్‌లో మహిళల తొలి టెస్టు మొదలైనప్పుడు ఆస్ట్రేలియాను 47 పరుగులకే ఆలౌట్ చేసింది మాక్లగన్ ఆఫ్ స్పిన్నే. 10 పరుగులిచ్చి 7 వికెట్లు తీశారు. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండు 9 వికెట్ల తేడాతో గెలిచింది. వారం తిరిగేసరికి 1935 జనవరిలో సిడ్నీలో జరిగిన రెండో టెస్టులో 119 పరుగులు చేసి, మహిళల టెస్టుల్లో సెంచరీ కొట్టిన మొదటి వ్యక్తి అయ్యారు. అంతకు ముందు వేసవిలోనే ఇంగ్లండు పురుషులు సొంత గడ్డ మీద ఆస్ట్రేలియాకు యాషెస్ కోల్పోయి ఉన్నారు. ఆడవాళ్లు అదే ఆస్ట్రేలియాను దాని ఇంట్లోనే ఓడించడంతో మార్నింగ్ పోస్ట్ పత్రిక మాక్లగన్ పేరును పొగుడుతూ పద్యమే అచ్చువేసింది. 14 టెస్టుల్లో ఆమె వెయ్యికి పైగా పరుగులు చేసి, 60 వికెట్లు తీశారు. బ్యాటింగ్ సగటు 41.95. ఓపెనర్‌గా దిగి, అన్ని వికెట్లు కూడా తీసినవారు మహిళల టెస్టుల్లో ఇప్పటికీ అరుదే.

ఆమె గురించి మాట్లాడుతూ మోలీ హైడ్‌ను వదిలేయడం అన్యాయం. ఆమె కూడా సర్రే క్రీడాకారిణే. పుట్టింది షాంఘైలో, పెరిగింది సర్రేలో. రెడింగ్‌లో వ్యవసాయ శాస్త్రం చదివి తండ్రితో కలిసి సేద్యం చేశారు. ఆస్ట్రేలియా పర్యటన ముగించుకుని న్యూజిలాండ్ వెళ్లిన ఇంగ్లండు జట్టు 1935 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో ఆతిథ్య జట్టును 44 పరుగులకే కూల్చి, 5 వికెట్లకు 503 పరుగుల దగ్గర డిక్లేర్ చేసిన టెస్టులో బెట్టీ స్నోబాల్ 189, హైడ్ 110 చేశారు. 1937 నుంచి 1954 దాకా ఇంగ్లండు కెప్టెన్ ఆమే. మధ్యలో యుద్ధం పోగా మిగిలిన కాలమంతా జట్టును నడిపించారు. 1949లో సిడ్నీలో 124 పరుగులతో నాటౌట్‌గా నిలిచారు. అంటే 1930లలో ఇంగ్లండు జట్టుకు ఇరుసుగా ఉన్న ఇద్దరూ ఒకే కౌంటీ వారు.

ఈ గొప్పలన్నీ వింటూ మీరు మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ పర్యటనకు వెళ్లిన ప్రతి క్రీడాకారిణీ ఓడ ప్రయాణానికి 80 పౌండ్లు సొంతంగా కట్టుకున్నారు. ఆరు నెలల సెలవూ, 80 పౌండ్లూ లేనివారికి ఎంత ప్రతిభ ఉన్నా ఆ జట్టులో చోటు దొరకదు. అందుకే తొలితరం జట్టులో టీచర్లు, సంపన్నుల ఇళ్ల అమ్మాయిలు కనిపించినంతగా ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు కనిపించరు. సర్రే, కెంట్ వంటి దక్షిణ కౌంటీలు ఆనాడు బలంగా ఉండటానికి ప్రతిభతో పాటు ఈ వెసులుబాటు కూడా ఒక కారణమని మా అభిప్రాయం.

ప్రశ్న: ఓవల్ సర్రే మైదానమే కదా. మరి సర్రే మహిళలు అక్కడ ఎప్పటి నుంచి ఆడుతున్నారు? లార్డ్స్ కంటే ముందా?

జవాబు: ఓవల్‌లో మహిళల టెస్టు 1937లోనే జరిగింది. ఆస్ట్రేలియాతో సిరీస్‌లో అది మూడో టెస్టు. మోలీ హైడ్ కెప్టెన్. బెట్టీ స్నోబాల్ 99 వద్ద రనౌట్ అయింది ఆ మ్యాచ్‌లోనే. లార్డ్స్ తలుపులు ఆడవాళ్లకు తెరుచుకున్నది 1976 ఆగస్టు 4న, అంటే 39 ఏళ్ల తర్వాత. అదీ ఇంగ్లండు మహిళలు 1973లో తొలి ప్రపంచకప్ గెలిచాక. ఇక లార్డ్స్ యజమాని అయిన ఎంసీసీ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకున్నది 1998లో. ఆ విషయంలో ఓవల్ ఎంతో ముందుంది. అయితే అది దేశం జట్టుకు దక్కిన గౌరవం. సర్రే మహిళలకు కౌంటీ ఆటల కోసం ఓవల్ మామూలు వేదికగా మారడానికి మరెన్నో దశాబ్దాలు పట్టింది. ఇంకొక మాట: ఓవల్ ఉన్న కెనింగ్‌టన్ ప్రాంతం 1889లోనే పాలనాపరంగా లండన్ కౌంటీలో కలిసిపోయింది. సర్రే జట్టు ఇల్లు ఇప్పటి సర్రే సరిహద్దుల్లో లేదు!

ప్రశ్న: మహిళల టెస్టుల్లో అత్యధిక పరుగుల రికార్డు స్మృతి మంధానదో, ఎలిస్ పెరీదో అనుకున్నాం. అది సర్రే బ్యాటర్‌దని మీరెలా అంటారు?

జవాబు: ఆ రికార్డు జాన్ బ్రిటిన్‌ది. సర్రేలోని కింగ్‌స్టన్‌లో 1959లో పుట్టి, సర్రేకు ఆడి, 1979 నుంచి 1998 వరకు 27 టెస్టుల్లో 1935 పరుగులు చేశారు. ఐదు సెంచరీలు. ఆఖరి సిరీస్‌లో, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో, హారోగేట్‌లో ఆస్ట్రేలియా మీద 167 కొట్టారు. మాక్లగన్ తొలి సెంచరీ కొట్టిన సంవత్సరం, బ్రిటిన్ పరుగుల మొత్తం రెండూ 1935 కావడం యాదృచ్ఛికమే గాని, సర్రే అభిమానులు ఎవరూ మరచిపోని అంకె అది.

ఆ రికార్డు నేటికీ నిలవడానికి ఆమె ప్రతిభ ఒక్కటే కారణం కాదు. మహిళలకు టెస్టులు ఇప్పుడు చాలా తక్కువ. నేటి తరం బ్యాటర్ పన్నెండు పదిహేనేళ్లు ఆడినా ఇరవై ఏడు టెస్టులు దొరకడం కష్టం. కాబట్టి ఆమె అంకెను చూసి సంతోషించేటప్పుడే ఆ లోటును కూడా తలచుకోవాలి. 1993 ఆగస్టు 1న లార్డ్స్‌లో న్యూజిలాండ్‌ను 67 పరుగులతో ఓడించి ఇంగ్లండు రెండోసారి ప్రపంచకప్ గెలిచిన రోజున బ్రిటిన్ 48 పరుగులు చేశారు. ఆ జట్టులోని వారందరూ ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ, సెలవు పెట్టి ఆడినవారే. బ్రిటిన్ 2017లో కన్నుమూశారు. ఆట మానేశాక ఆమె సర్రేలో అమ్మాయిలకు శిక్షణ ఇచ్చారు. ఆమెను దగ్గరగా చూసిన తరానికి ఆమె పరుగుల కంటే ఆ పని ఎక్కువ మేలు చేసి ఉంటుందని మాకనిపిస్తుంది.

ప్రశ్న: భుజం ఎత్తులో చేయి తిప్పి బంతి వేయడం ఒక అమ్మాయి కనిపెట్టిందంటారు. ఆమె సర్రే అమ్మాయేనా?

జవాబు: కాదు, ఆ కథ కెంట్‌ది. క్రిస్టీనా విల్స్ తన అన్న జాన్ విల్స్‌కు ప్రాక్టీసు కోసం బంతులు వేస్తూ, వెడల్పాటి లంగా అడ్డం వస్తోందని చేతిని పక్కకు ఎత్తి వేసిందనీ, అది చూసి అన్న నేర్చుకున్నాడనీ చెబుతారు. ఆ కాలానికి అంత వెడల్పు లంగాల ఫ్యాషన్ పోయిందని చరిత్రకారులు ఈ కథను శంకిస్తారు. 1822లో లార్డ్స్‌లో జాన్ విల్స్ ఆ తీరుగా వేస్తే అంపైర్ నోబాల్ ఇచ్చాడనీ, ఆయన కోపంతో మైదానం విడిచి వెళ్లిపోయాడనీ అన్నది మాత్రం అందరూ ఒప్పుకున్న సంగతే.

ప్రశ్న: సర్రే స్టార్స్, సౌత్ ఈస్ట్ స్టార్స్, ఓవల్ ఇన్విన్సిబుల్స్, సర్రే: ఇవి నాలుగు జట్లా, ఒకే జట్టుకు నాలుగు పేర్లా? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే జరిగింది.

జవాబు: నాలుగూ వేర్వేరు జట్లు, కాని ఒకే నేల మీద పెరిగినవి. ఇంత గందరగోళం ఎందుకు వచ్చిందో చెబుతాం.

1998లో విమెన్స్ క్రికెట్ అసోసియేషన్ ఇంగ్లండు క్రికెట్ బోర్డులో విలీనమైంది. దాంతో కౌంటీ మహిళల జట్లు నెమ్మదిగా పురుషుల వ్యవస్థకు దగ్గరయ్యాయి గాని, ఆటగాళ్లకు జీతం రాలేదు. 2014లో బోర్డు 18 మంది ఇంగ్లండు క్రీడాకారిణులకు కాంట్రాక్టులు ఇచ్చింది. కౌంటీ స్థాయిలో ఆడేవారికి ఏమీ లేదు. ఆ అంతరాన్ని పూడ్చడానికి 2016లో కియా సూపర్ లీగ్ అనే ఆరు జట్ల టీ20 పోటీ పెట్టారు. అందులో ఓవల్ కేంద్రంగా ఏర్పడినది సర్రే స్టార్స్. 2018లో నాట్ సివర్ కెప్టెన్సీలో ఆ జట్టు కప్పు గెలిచింది. హోవ్‌లో జరిగిన ఫైనల్లో దక్షిణాఫ్రికా బ్యాటర్ లిజెల్ లీ 104 పరుగులు చేసింది. 2019తో ఆ లీగును ఎత్తేశారు.

2020లో దేశాన్ని ఎనిమిది ప్రాంతాలుగా విడగొట్టి ఎనిమిది ప్రాంతీయ జట్లు ఏర్పరిచారు. సర్రే, కెంట్ కలిసి సౌత్ ఈస్ట్ స్టార్స్ అయ్యాయి. 2021లో ప్రాంతీయ జట్ల టీ20 పోటీ అయిన షార్లెట్ ఎడ్వర్డ్స్ కప్‌ను తొలిసారి గెలిచింది ఈ జట్టే. కరోనా ఏడాదైన 2020 చివరిలో ఒక్కో ప్రాంతంలో సుమారు ఐదుగురికి పూర్తికాలపు కాంట్రాక్టులు ఇచ్చారు. ఇంగ్లండు జట్టులో లేని మహిళలకు అక్కడ క్రికెట్ ఒక ఉద్యోగం కావడం అదే మొదటిసారి. ఇది చిన్న విషయం కాదు. మోలీ హైడ్ సేద్యం చేసుకుంటూ ఆడిన కౌంటీలో, ఆటనే బతుకుదెరువుగా ఎంచుకునే హక్కు అమ్మాయిలకు ఎనభై ఏళ్లకు పైగా గడిచాక గాని రాలేదు.

ఓవల్ ఇన్విన్సిబుల్స్ అన్నది ఒక్కో జట్టు వంద బంతులే ఆడే హండ్రెడ్ పోటీలో 2025 దాకా ఉన్న జట్టు పేరు. 2021 జులై 21న ఆ పోటీ మొట్టమొదటి మ్యాచ్ ఓవల్‌లో మహిళలదే. ఇన్విన్సిబుల్స్, మాంచెస్టర్ ఒరిజినల్స్ ఆడిన ఆ మ్యాచ్‌ను 7,395 మంది చూశారు. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ కప్పు ఇన్విన్సిబుల్స్‌దే. 2025లో ఆ జట్టులో 49 శాతం వాటాను ముంబయి ఇండియన్స్ యజమానులు కొన్నారు, మిగిలిన 51 శాతం సర్రే క్లబ్బు దగ్గరే ఉంది. అది ప్రైవేటు పెట్టుబడి కలిసిన జట్టు, కౌంటీ జట్టు కాదు.

చివరిగా 2025లో ప్రాంతీయ జట్లను రద్దు చేసి, మహిళా జట్లను నేరుగా కౌంటీ క్లబ్బుల చేతిలో పెట్టారు. అలా సర్రే పేరు మళ్లీ సర్రే మహిళలకే దక్కింది. ఈసారి పేరు మాత్రమే కాదు. కాంట్రాక్టులు, కోచ్‌లు, ఓవల్ డ్రెస్సింగ్ రూమ్ అన్నీ దానితో పాటే వచ్చాయి. బ్రయనీ స్మిత్ కెప్టెన్సీలో మొదటి వేసవిలోనే సొంత మైదానంలో కప్పు గెలవడాన్ని మేము వార్తగా ఇవ్వడానికి కారణం ఇదే.

ప్రశ్న: లండన్‌లో ఇన్ని జాతుల వాళ్లు ఉన్నారు కదా, సర్రే మహిళల జట్టులో నల్లజాతి వారికి చోటు దొరికిందా?

జవాబు: దొరికింది, కాని ఆలస్యంగా, కొద్దిమందికే. దక్షిణ లండన్‌లో పెరిగిన ఎబొనీ రెయిన్‌ఫర్డ్-బ్రెంట్ ఇంగ్లండు తరఫున ఆడిన తొలి నల్లజాతి మహిళ. సర్రేకు కెప్టెన్‌గా ఉన్నారు, 2009 ప్రపంచకప్ గెలిచిన జట్టులో సభ్యురాలు, తర్వాత సర్రే మహిళల క్రికెట్‌కు తొలి డైరెక్టర్. నల్లజాతి పిల్లలు క్రికెట్‌కు దూరమవుతున్నారని గుర్తించి, 2020 జనవరిలో సర్రే క్లబ్బు తరఫున ఏస్ అనే శిక్షణ కార్యక్రమాన్ని ఆమె ముందుండి మొదలుపెట్టారు. తర్వాత అది సర్రే దాటి స్వతంత్ర సంస్థగా పెరిగింది.

ప్రశ్న: మహిళల కౌంటీ ఛాంపియన్‌షిప్‌ను సర్రే ఎన్నిసార్లు గెలిచింది? కెంట్ ఎనిమిదిసార్లు గెలిచిందని తెలిసింది. మరి 2025లో మొదటి అంచెలో సర్రే ఉండి, కెంట్ రెండో అంచెలో ఎందుకుంది? ఇది న్యాయమా?

జవాబు: వచ్చిన ప్రశ్నలన్నిటిలో బరువైనది ఇదే. 1997 నుంచి 2019 వరకు జరిగిన ఆ ఛాంపియన్‌షిప్‌ను సర్రే ఒక్కసారి కూడా గెలవలేదు. కెంట్ 2006లో మొదలుపెట్టి 2019లో జరిగిన ఆఖరి ఛాంపియన్‌షిప్ దాకా ఎనిమిదిసార్లు గెలిచింది. షార్లెట్ ఎడ్వర్డ్స్, లిడియా గ్రీన్‌వే, టామీ బోమాంట్, లారా మార్ష్ వంటివారు ఆ కాలంలో కెంట్‌కు ఆడారు. ఎడ్వర్డ్స్ తొలి టెస్టు ఆడింది సర్రేలోని గిల్డ్‌ఫర్డ్‌లోనే, 1996లో, పదహారేళ్ల వయసులో. ససెక్స్ ఆరుసార్లు గెలిచింది. 2017లో లాంకషైర్, 2018లో హాంప్‌షైర్ గెలిచాయి.

కౌంటీ మహిళా జట్లను మూడు అంచెలుగా విభజించిన 2025 మార్పుల కోసం బోర్డు కౌంటీ క్లబ్బుల నుంచి దరఖాస్తులు తీసుకుని, 2024 ఏప్రిల్‌లో ఎనిమిదింటిని మొదటి అంచెకు ఎంపిక చేసింది. డర్హమ్, ఎసెక్స్, హాంప్‌షైర్, లాంకషైర్, నాటింగ్‌హమ్‌షైర్, సోమర్‌సెట్, సర్రే, వార్విక్‌షైర్. ఒక్కో క్లబ్బుకు ఏటా 13 లక్షల పౌండ్లు బోర్డు ఇస్తుంది. ఎంపికలో చూసింది గతంలో గెలిచిన కప్పుల్ని కాదు. క్లబ్బుకు ఎంత ఆదాయం ఉంది, మైదానాలూ శిక్షణ సౌకర్యాలూ ఎలా ఉన్నాయి, మహిళా జట్టును పురుషుల జట్టుతో సమానంగా నడిపే ప్రణాళిక ఉందా, దేశమంతటా జట్లు విస్తరించి ఉంటాయా అన్నవే ముఖ్యమయ్యాయి. ఈ కొలతల ప్రకారం ఇరవై ఏడు వేల మంది పట్టే ఓవల్, దేశంలోనే అత్యంత సంపన్నమైన కౌంటీ క్లబ్బు ఉన్న సర్రేను కాదనడం కష్టం. సర్రే, కెంట్ రెండూ ఒకే ప్రాంతం నుంచి రావడం కెంట్‌కు మరింత ప్రతికూలమై ఉంటుంది.

న్యాయమా అని అడిగారు. ముందు చూపుతో ఆలోచిస్తే ఆ నిర్ణయం అర్థమవుతుంది. డబ్బున్న క్లబ్బు చేతిలో పెడితే పది మంది అమ్మాయిలకు బదులు వంద మందికి దారి దొరుకుతుంది. వెనక్కి తిరిగి చూస్తే మాత్రం మనసు ఒప్పదు. జీతం లేని రోజుల్లో ఇరవై ఏళ్ల పాటు ఆటను నిలబెట్టిన కౌంటీకి, జీతాలు వచ్చిన రోజున బల్ల దగ్గర కుర్చీ దొరకలేదు. కెంట్ క్రీడాకారిణులు గెలిచిన కప్పులకు ఆ ఎంపికలో కొంత విలువ కట్టి ఉంటే బాగుండేదని మేము గట్టిగా అనుకుంటున్నాం. సర్రే గెలుపును సంతోషంగా వార్తగా ఇచ్చిన మేమే ఈ మాట అనడంలో వైరుధ్యం ఏమీ లేదు.

యార్క్‌షైర్ 2026లో, గ్లామోర్గన్ 2027లో మొదటి అంచెలో చేరతాయని ముందే ప్రకటించారు. 2028 దాకా ఆట ఫలితాలను బట్టి ఎవరూ పైకి వెళ్లరు, కిందికి రారు. మొదటి అంచె జట్లతో తలపడటానికి కెంట్‌కు అప్పటిదాకా మిగిలిన దారి, మూడు అంచెల్లోని 37 జట్లూ కలిసి ఆడే టీ20 కౌంటీ కప్పు. అది నాకౌట్ పోటీ. సర్రే, కెంట్ మహిళలు ఇప్పుడు కౌంటీ పేర్లతో ఒకరికొకరు ఎదురుపడగల పోటీ కూడా అదే.